వంక పక్క నుంచి రెండు దెబ్బలు

ఇది జరిగింది. నాకే జరిగింది. దేవుడి మీద ఒట్టు పెట్టమంటే పెట్టను. ప్రతి చిన్నదానికీ ఆయన్ను సాక్ష్యానికి పిలవడం నాకు నచ్చదు. నా రెండు కళ్ళ మీద పెడతాను. ఆపరేషన్ చేయించి బాగు చేసుకున్న కళ్ళు. అబద్ధానికి వాటిని పణం పెట్టేంత వెర్రిదాన్ని కాను. వినండి మరి... మధ్యలో ఎవరూ లేవద్దు.

మాది కదిరి రోడ్డు మీద చిన్న ఊరు. ఊరికి ముందు ఒక వంక. పేరుకే వంక, అందులో నీళ్ళు పారి అప్పటికి నాలుగేళ్ళయింది. అంతా ఇసుకే. ఆ వంక గట్టున, రోడ్డుకు ఆనుకొని మా ఇల్లు. మేఘాల్లో మందు చల్లి వాన కురిపిస్తామని విమానాలు తిరిగిన ఏడాది అది. ఆషాఢ మాసం. వేరుశనగ విత్తనం ఇంకా మూటల్లోనే ఉంది. వాన లేదు కానీ గాలి మాత్రం ఉంది. మా ఆషాఢం గాలి ఎలాంటిదంటే... అన్నంలో దుమ్ము, కంట్లో దుమ్ము, ఆరేసిన చీర కోసం పక్క ఊరికి పోవాలి.

ఒక సాయంత్రం పొడుగాటి లారీ ఒకటి వచ్చి వంక దగ్గర ఫట్‌మని కూర్చుంది. రోడ్డు వైపు ఇరుసు విరిగింది. బండి అటే వాలింది. దాని మీద... విమానం.

నిజం విమానం. బూడిద రంగు. గుండ్రటి మూతి. రెండు రెక్కలూ నిలువుగా పైకి మడిచి, ఆకాశానికి దండం పెడుతున్నట్టు ఉంది.

ఊరంతా వచ్చింది.

"ఏమప్పా, ఇది వాన కురిపించే ఇమానమా?" అని ఒకరు.

"కురిపించల్యాక పోయినందుకే కట్టేసి తీసకపోతాండారు" అని ఇంకొకరు.

డ్రైవరు బసప్ప బళ్ళారి మనిషి. సగం కన్నడం, సగం తెలుగు. "వానది కాదు అజ్జీ, యుద్ధం విమానం. హళేదు, శానా పాతది. గోవా నుంచి తెస్తాండా. కదిరి అవతల ఒక కాలేజీ గేటు ముందర నిలబెడతారంట" అన్నాడు నాతో.

అప్పుడు మా ఆయన దగ్గుతూ బయటికి వచ్చాడు. మా ఆయన పేరు వెంకటప్ప. వయసులో ఉన్నప్పుడు నౌకాదళంలో ఫిట్టరు. విమానాలు మోసే ఓడ మీద పని. బంగ్లాదేశ్ యుద్ధం నాడు ఆ ఓడ మీదే ఉన్నాడు. ఆయన విమానాన్ని చూశాడు. దగ్గు ఆగిపోయింది.

"సీహాక్!" అన్నాడు. సముద్రం మీది డేగ అని దాని అర్థమట.

పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా ఆ ముఖం అంత వెలగలేదు. ఆ మాట అందరి ముందూ అనేశాను. ఊరంతా నవ్వింది. ఆయనకు వినబడితే కదా! అప్పటికే లారీ ఎక్కి విమానం కడుపు కింద దూరాడు. అరచేత్తో తడుముతున్నాడు, బర్రె పొదుగు తడిమినట్టు.

"ఈడ సూడు నారాయణమ్మా! మాసిక! గుండ్రంగా కోసి అతికినాము. మూలలు పెడితే ఆడ పగులు పడతాది. ఇది మావాళ్ళ చేయే. నాదో, కురియన్‌దో."

కురియన్ కేరళ మనిషి. ఓడ మీద ఈయనకు జోడీ. ఆ కథలు నాకు ముప్పై ఏళ్ళుగా కంఠతా వచ్చు. పగలు విమానాలు నాలుగేసి లేచి పోయేవట. అవతలి రేవుల మీద, ఓడల మీద బాంబులేసి వచ్చేవట. ఓడలో ఒక బాయిలరు చెడిపోయి వేగం రాదు. అందుకని విమానాన్ని లేపడానికి ఎదురుగాలి ఎక్కడుందా అని ఓడే వెతుక్కుంటూ తిరిగేదట. రాత్రయితే దీపం పెట్టకూడదు. తునకంత వెలుగులో, గుడ్డ కప్పిన టార్చితో, చిల్లులు పడ్డ రెక్కలకు వీళ్ళు మాసికలు వేసేవారు. తెల్లారేసరికి విమానం మళ్ళీ లేవాలి. ఇదంతా నేను పొయ్యి ఊదుకుంటూ విన్నదే. కానీ ఆ మాసికను వేలితో తాకింది ఆ రోజే. నున్నగా, చల్లగా ఉంది. చిరిగిన చీరకు మాసిక వేయడం నాకూ తెలుసు కాబట్టి చెబుతున్నా, అది మంచి పని. పైకి మాత్రం అనలేదు. అంటే ఇక ఆయన ఆగడు.

సరే, పొద్దు గూకుతోంది. క్రేను కోసం బసప్ప కదిరికి పోవాలి. పోతే బండి దగ్గర ఎవరుంటారు? మా ఆయన గాలి వాటం చూశాడు. ముఖం మారింది.

"గాలి వంక మీద నుంచి రోడ్డుకు కొడతాండాది. బండి రోడ్డుకే వాలింది. రెక్కలు తెరచాప మాదిరి నిలబడినాయి. లోపల ఇంజను తీసేసినారు, వట్టి డొల్ల. వంక పక్క గట్టిగా కట్టకపోతే తెల్లారేలోగా బోర్లాపడతాది."

బసప్ప రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఇది పడితే నా కెలస పోయినట్టే. పిల్లోళ్ళకు ఏం పెట్టల్ల?"

మా ఆయన అతని చేతిలో చేయి వేశాడు. "నువ్వు పో. తెల్లారేదాకా కాపలా నాది. యుద్ధంలోనే నా కాపలాలో ఒక్క విమానం కదల్లేదు. ఈడ కదులుతాదా?"

నాకు ఒళ్ళు మండింది. మా ఆయనకు ఆయాసం జబ్బు. నెల కిందట ఊపిరాడక నీలం రంగు తిరిగితే ఆటోలో కదిరి ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఈ దుమ్ముగాలిలో ఒక్క రాత్రి బయట ఉంటే మనిషి దక్కడమ్మా అని. అది ఆయనకూ తెలుసు. తెలిసి కూడా చేయి వేశాడు. బసప్ప కదిరి బస్సు ఎక్కేశాడు. ఇక మాట వెనక్కి రాదు.

మోకులు నావే. ఎనిమిది. ఎద్దుల కోసం కొన్నవి, కొత్తవి, ఇంకా మట్టి కూడా అంటలేదు. తిట్టుకుంటూనే తెచ్చిచ్చాను. ఊరివాళ్ళు చేతులేశారు. రోడ్డు పక్క నాలుగు కానుగ చెట్లకు నాలుగు. వంక పక్క నాలుగు గునపాలు దిగ్గొట్టి వాటికి నాలుగు. చీకటి పడింది. అందరూ వెళ్ళిపోయారు.

అన్నం తిన్నాక మా ఆయన మఫ్లరు చుట్టుకున్నాడు. అప్పటికే గొంతులో పిల్లనగ్రోవి మోగుతోంది.

"యాడికి?"

"కాపలాకు."

చెంబు అందుకోమని లోపలికి పంపాను. బయటికొచ్చి తలుపు లాగి గొళ్ళెం వేశాను.

"ఏమే! తలుపు తీయ్!"

"తీయను."

"మాటిచ్చినా నే వానికి!"

"నీ మాట నేను కాస్తా. నువ్వు నీ ఊపిరి కాచుకో."

కాసేపు తలుపు బాదాడు. దగ్గొచ్చింది. ఆపేశాడు. చాలాసేపటికి కిటికీ దగ్గర గొంతు వినిపించింది, మెత్తగా.

"గంటకోసారి సుట్టూ తిరగల్ల. తాడును కంటితో సూసి నమ్మగూడదు. చేత్తో పట్టి లాగల్ల. నువ్వెట్లాగూ టార్చి వేయవు..."

"సెల్లులు ఊరికే వస్తాయా?"

"తెలుసులే. మాకూ దీపం లేదు. నేనొక పక్క, కురియన్ ఒక పక్క పోతాంటిమి. గాలికి మాట వినబడదు. నా పక్క అన్నీ బిగువుగా ఉంటే రేకు మీద రెండు దెబ్బలు కొడతా. అవతల నుంచి వాడు రెండు కొడతాడు. యాడన్నా వదులుంటే ఒక్క దెబ్బ. అంతే."

"నేనొక్కదాన్నే కదప్పా. ఎవురికి కొట్టేది?"

"కొట్టవే. కొట్టకపోతే కాపలా అయినట్టు కాదు."

పిచ్చి మనిషి. సరేనన్నాను.

మొదటి సుట్టు బాగానే జరిగింది. రోడ్డు పక్క నాలుగు తాళ్ళూ పట్టి లాగాను. వీణ తీగల్లా ఉన్నాయి. విమానం పొట్ట మీద రెండు దెబ్బలు కొట్టాను. ధన్. ధన్. ఎక్కడో కుక్క మొరిగింది. నాకే నవ్వొచ్చింది. ఈ వయసులో విమానాన్ని బుజ్జగించే పని పెట్టాడు ఈయన. వంకలోకి దిగి అక్కడివీ చూశాను. సరిగా ఉన్నాయి.

ఇంతలో అది కూసింది. ఊఊఊ... అని. కదలకుండా విన్నాను. విమానం మూతికి అటూ ఇటూ బిలాలు, నడుం దగ్గర అటూ ఇటూ పొగ గొట్టాలు. గాలి అందులో దూరి ఇందులో వస్తోంది. ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు. ఓసి, ఇదా! అనుకున్నాను. కొంగు బిగించి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. లోపల ఆయన పడుకున్నాడు. గురక వినిపిస్తోంది. ఆ గురక వింటే నాకు ధైర్యం. ఊపిరి ఆడుతోందని కదా.

రెండో సుట్టు. అర్ధరాత్రి దాటి ఉంటుంది. గాలి పెరిగింది. నక్షత్రాలు కూడా దుమ్ములో మాసిపోయాయి. రోడ్డు పక్క ఒకటి... రెండు... మూడు... నాలుగు. అన్నీ బిగువే. చేయి చాపి కొట్టాను.

ధన్. ధన్.

వంకలోకి దిగుదామని అడుగు వేశాను.

ధన్... ధన్.

అవతల నుంచి.

నా చేయి ఇంకా రేకు మీదే ఉంది. అరచేతికి అదురు తెలిసింది. గాలి కాదు. గాలి తాకితే రేకు మొత్తం వణుకుతుంది. ఇది ఒక్కచోట. మనిషి అరచేయి వెడల్పున.

నాకు భయం కాదు, ముందు కోపం వచ్చింది. కిటికీ ఊచ పీకి వచ్చాడు ఈ ముసలోడు అనుకున్నాను.

"సచ్చేదానికి వచ్చినావా ఈ గాలిలో? పో ఇంటికి!" అని అరిచాను.

మూతి వైపు నుంచి తిరిగి వంకలోకి దిగాను. ఎవరూ లేరు. నాలుగు తాళ్ళు. ఇసుక. అంతే... ఒక వాసన మాత్రం వచ్చింది. కిరసనాయిలు వాసన. మా ఇంట్లో ఆ వాసన వచ్చిందంటే ఎవరో ఒలకబోశారని నేను కేకలేస్తాను. విమానాల నూనెది కూడా అదే వాసన అని మా ఆయన చెప్పేవాడు. కానీ ఈ విమానంలో నూనె చుక్క లేక ఇరవై ఏళ్ళు దాటింది.

ఇంటికి పరుగులాంటి నడకతో పోయాను. గొళ్ళెం వేసినట్టే ఉంది. కిటికీ ఊచలు ఊచల్లాగే ఉన్నాయి. లోపల గురక. అదే గురక.

అరుగు మీద కూర్చున్నాను. నిజం చెబుతున్నా, ఇక పోకూడదనుకున్నాను. తెల్లారాక 'అన్నీ చూసినా' అంటే ఎవరికి తెలుస్తుంది? కానీ తలుపుకు గొళ్ళెం వేసింది నేను. మాట నాది చేసుకున్నది నేను. నేను పోకపోతే, ఆయన ఏ గడియలోనో లేచి, ఆ కిటికీ నిజంగానే పీకి పోతాడు. పోతే రాడు. అది నాకు తెలుసు.

లేచాను.

మూడో సుట్టు. కోడి కూయడానికి ఇంకా పొద్దుంది. గాలి నన్ను తోసేస్తోంది. రోడ్డు పక్క తాళ్ళు పట్టి లాగాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. చేయి ఎత్తాను. కొట్టాలా వద్దా... కొట్టాను.

ధన్. ధన్.

ఏమీ లేదు.

విమానం కూయడం కూడా ఆగింది. అంత గాలీ ఒక్క క్షణం... ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు.

ధన్.

ఒక్కటే. ఇంకోటి వస్తుందని చూశాను. రాలేదు.

వదులు.

నా కాళ్ళు వాటంతట అవే దిగాయి. వంక పక్క మొదటి తాడు బిగువు. రెండో తాడు... చేతికి తగల్లేదు. వంగి తడిమాను. ఇసుకలో పడి ఉంది. గునపం ఊడి వచ్చేసింది. పైన మూడో తాడు కిర్రు... కిర్రు... మంటోంది. బరువంతా దాని మీదే. అది తెగితే ఇక చూడ్డానికేమీ ఉండదు.

గునపం దిగ్గొట్టే బలం నాకు లేదు. నాలుగు అడుగుల వెనక ఒక పెద్ద గుండు ఉంది, వంకలో పాతుకుపోయిన రాయి. తాడు అందుకొని దాని దాకా లాగాలి. లాగాను. రాదు. నడుముకు చుట్టుకొని వెనక్కి వాలాను. కాళ్ళు ఇసుకలో జారుతున్నాయి. జానెడు తక్కువైంది. ఒక్క జానెడు. గాలి ఒక ఊపు ఊపింది. తాడు నన్నే విమానం వైపు ఈడుస్తోంది.

అప్పుడు... తాడు తేలికైంది.

తెగలేదు. బిగువుగానే ఉంది. కానీ బరువు పోయింది. బావి దగ్గర నిండు కడవ ఎత్తలేక నిలబడితే వెనక నుంచి ఎవరో ఒక చేయి వేస్తారే, అలా. నా వెనక. నా భుజం మీదుగా కిరసనాయిలు వాసన. ఊపిరి చప్పుడు లేదు. మాట లేదు.

నేను వెనక్కి తిరగలేదు. ధైర్యం లేక కాదు. తిరిగితే వాళ్ళు తాడు వదిలేస్తారేమోనని.

జానెడు వచ్చింది. గుండుకు మూడు చుట్లు తిప్పి, ఎద్దును కట్టే ముడి వేశాను. దాని మీద ఇంకో ముడి. కట్టడం అయ్యాక కూడా తల ఎత్తలేదు. ఇసుక వైపే చూస్తూ, "శానా మేలు నాయనా" అన్నాను. ఎవరిని అన్నానో తెలియదు. అలవాటు కొద్దీ రేకు మీద రెండు దెబ్బలు కొట్టి ఎక్కి వచ్చేశాను. జవాబు కోసం నిలబడలేదు.

నేను రోడ్డెక్కానో లేదో పెద్ద గాలి వచ్చింది. మా పక్కింటి గొడ్లపాక రేకులు రెండు ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. విమానం ఒక్కసారి మూలిగింది. అంతే. కదల్లేదు.

తెల్లారి బసప్ప క్రేనుతో వచ్చాడు. విమానం నిలబడి ఉండడం చూసి నా కాళ్ళకు దండం పెట్టాడు. "లేప్పా, మోకులు విప్పేటప్పుడు కోయకుండా విప్పు" అన్నాను. గొళ్ళెం తీస్తే మా ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. నెల రోజుల తరువాత ఆ రాత్రే తెల్లవార్లూ పడుకున్నాడట. గొంతులో పిల్లనగ్రోవి లేదు.

జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గుండు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఒక్క దెబ్బ అనేది నీకెట్లా గుర్తుండాది?"

"నువ్వే చెప్తివి కదా."

"గాలేమో?"

"గాలికి లెక్క వస్తాదా? మొదట రెండు కొట్టి, తరవాత ఒకటే కొడతాదా?"

బసప్పేమో, దారిన పోయే ఎవరో గొర్రెల కాపరి అయి ఉంటాడన్నాడు. కాపరి అయితే మాట్లాడడా? బీడీ కోసమైనా అడగడా? ఊళ్ళో ఇంకొకరేమో, ఆ కేరళాయన చనిపోయి ఉంటాడు, జోడీ కోసం వచ్చాడు అన్నారు. మా ఆయన ముఖం చిన్నబోయింది. ఆ మధ్యాహ్నమే ఫోను బూతుకు పోయి, పాత ఉత్తరంలో ఉన్న నంబరుకు చేశాడు. అవతల ఎత్తింది కురియనే! నిక్షేపంగా ఉన్నాడు. భోంచేసి కునుకు తీస్తున్నాడట, లేపినందుకు ఇద్దరూ హిందీలో తిట్టుకున్నారు. విషయం చెబితే అంత దూరం నుంచి ఫక్కున నవ్వాడట. 'నేను కాదు. నేను రాత్రంతా మా ఆవిడ పక్కనే ఉన్నా, కావాలంటే ఆమెను అడుగు' అన్నాడట. ఫోనుకు బోలెడంత పోసి మా ఆయన నవ్వుకుంటూ వచ్చాడు. ఆ రోజు మాత్రం నేను దాని గురించి గొణగలేదు.

మరి ఎవరు? ఆ రెక్కల కింద రాత్రుళ్ళు తిరిగిన వాళ్ళు ఎందరో ఉంటారు అన్నాడు మా ఆయన. అందరి పేర్లూ తనకు తెలియవన్నాడు.

సాయంత్రం ఆయన గోడ క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చించాడు. వెనక వైపు రాశాడు. రాత్రి కాపలా. తాళ్ళు ఎనిమిది. వంక పక్క రెండోది వదులైంది, బిగించడమైనది. విమానం భద్రం. కింద రెండు గీతలు గీసి నా ముందు పెట్టాడు.

"సంతకం పెట్టు. కాపలా చేసినోళ్ళు పెట్టల్ల. అది పద్ధతి."

కూడబలుక్కొని నారాయణమ్మ అని రాశాను. చివరి అక్షరం గీత దాటింది.

"రెండో గీత ఎందుకు?"

"కాపలా ఎప్పుడూ ఇద్దరిది. ఒక్క పేరుంటే సెల్లదు."

"అయితే నీ పేరు రాయి."

"నేను నిద్రపోతాంటి. అబద్ధం రాయగూడదు."

ఆ కాగితం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. రెండో గీత ఖాళీ. ఎవరైనా వచ్చి 'ఆ రాత్రి వంక పక్కన ఉన్నది నేనే' అంటే పెన్ను ఇస్తాను. మనిషైతే రాగిముద్ద, చెనక్కాయల చట్నీ పెట్టి పంపుతాను. మనిషి కాకపోతే... పెన్ను ఎట్లా పట్టుకుంటారో, అది చూడాలని ఉంది.